ఒక గొట్టం తక్కువ

మళ్ళీ ఫెయిల్.
రోలర్ల మీద ఆగిన పికప్పు
ఇంకా గసపెడుతూనే ఉంది.
తెర మీద ఎర్రగా నాలుగు వందల పన్నెండు.
ఉండాల్సింది నూట ఇరవై లోపు.

ఒడీలియా బెటెన్‌కోర్ట్ కాగితం అందుకుని
"తప్పెక్కడ, వహాన్?" అంది.
మాది పరీక్షించే షెడ్డు, బాగుచేసేది కాదు.
ఇక్కడ నేను స్క్రూడ్రైవర్ పట్టుకుంటే
లైసెన్సు గోడ దిగుతుంది.
"బయట చూపించండి" అన్నాను,
బయట చూసేవాడు లేడని తెలిసే.

ఎనభై నాలుగు మోడలు.
తేనెపెట్టెలు మోసి మోసి స్ప్రింగులు వంగిపోయాయి.
ఫిబ్రవరిలో బాదం తోటలు పూస్తాయి,
ఆలోగా రోడ్డెక్కకపోతే
ఆమెకీ ఈగలకీ ఏడాది పోయినట్టే.
డెబ్బై ఒక్కేళ్ళ మనిషి,
ఎంత పొగకి ఈగలు సర్దుకుంటాయో
ఎంత పొగకి గూడు వదిలేస్తాయో ఎరిగిన చేతులు.
పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదేననుకున్నాను.
పొగ మాత్రం ఆమె బండిదే.

బానెట్ ఎత్తితే
దువ్వెన ఎరగని జుట్టులా నల్లటి సన్న గొట్టాలు,
కొసలన్నీ పగుళ్ళు.
ఏది ఎక్కడికో చెప్పే స్టిక్కరు ఉండాల్సిన చోట
ఎండిన జిగురు, ఓ తెల్లటి చదరం.

షోరూము కౌంటర్లో కుర్రాడు నంబరు కొట్టి చూశాడు.
"ఈ బండి నాకంటే పద్దెనిమిదేళ్ళు పెద్దదండీ" అన్నాడు,
పాపం, గౌరవంగానే.

టులేరీ లైబ్రరీలో మాత్రం ఒక పుస్తకం ఉంది.
అంచులనిండా ఎవరెవరివో గ్రీజు వేళ్ళు.
ఆ పటం మీద పల్చటి కాగితం పరిచి
పెన్సిల్‌తో దించుకుంది ఒడీలియా.
అచ్చం అలాగే తగిలించింది.
చివరికి ఒక రంధ్రం ఖాళీగా మిగిలింది.
దానికో మేకు బిగించి తీసుకొచ్చింది.
మూడు వందల తొంభై ఎనిమిది.

ఆదివారం నా ఒంటిమీద యూనిఫారం లేదు.
సెల్మా అవతల పాతబండ్ల దొడ్డికి
ఇద్దరం తలో రెండు డాలర్లిచ్చి వెళ్ళాం.
మూడో వరసలో అదే మోడలు, అదే ఏడు.
ఎయిర్ ఫిల్టర్లో కందిరీగల తుట్టె.
"మీవాళ్ళేనా?" అన్నాను.
"దూరపు చుట్టాలు. మాటల్లేవు" అంది.
స్టిక్కరు పై సగం ఎండకి మాడిపోయింది.
రెండు వరసల అవతల ఇంకో బండికి
పై సగం బతికుంది, కింది సగం లేదు.
ఆమె అక్కణ్ణుంచి కేకేస్తుంటే
నేను రసీదు వెనక రాసుకున్నాను,
తుప్పుపట్టిన బండ్ల మీదుగా
ఒకే బొమ్మని ఇద్దరం అతికించుకుంటూ.

అప్పుడు కనబడింది, అడుగున చీమతలంత అక్షరాల్లో:
కాలిఫోర్నియాలో అమ్మిన బండ్లకు మాత్రమే.

లైబ్రరీ పటం తక్కిన రాష్ట్రాలది.
పుస్తకం అబద్ధమాడలేదు,
వేరే ఊరివాళ్ళకి నిజం చెప్పింది.
కార్బొరేటర్ వెనకనుంచి
బొగ్గు డబ్బాదాకా వెళ్ళే
చిటికెనవేలంత గొట్టం ఒక్కటి
మనకి మాత్రమే ఎక్కువ.

సోమవారం, నూట పదిహేడు.
ముద్ర కొట్టి ఇచ్చాను.
ఎక్కడ తప్పో ఇద్దరం మాట్లాడుకోలేదు.

బాదం పూత రాలిపోయాక
వేరే పనిమీద లైబ్రరీకెళ్ళి ఆ పుస్తకం తీశాను.
పటం పక్కన, రాయకూడని చోట, పెన్సిల్‌తో:
ఇక్కడివాళ్ళకి ఇంకో గొట్టం. కార్బొరేటర్ వెనక చూడండి.
దాని కింద ఎవరిదో నీలి సిరా, తొందర రాత:
దొరికింది. ఎనభై ఐదుకైతే రెండు.