పదిహేడు నలభై మూడు, రెండు మాట్ల

మా ఊరికి టవరు లేదు.
రేగొండ టవరు నుంచి గాలి బయలెల్లుతది గని
మా గుట్ట అవతల్నే కూలవడతది.
బడి గోడ కాడ ఒక గీత.
పాలకేంద్రం గద్దె ఎక్కి చెయ్యి లేపితే రెండు.
ఎవరి చెయ్యి పొడుగుంటే
వాళ్ల ముచ్చట పోతది.

నా అంగన్‌వాడీల ఇరవై ముగ్గురు పిల్లలు.
నాలుగు దినాల సంది వాళ్ల బరువులు
నా ఫోన్లనే ఉన్నయి, ఎక్కుత లేవు.
తెర మీద సున్న తిరుగుతనే ఉంటది
గానుగెద్దు తీర్గ, నూనె చుక్క రాలకుండ.
సూపర్వైజర్ మేడం అన్నది:
"సాయంత్రం దాకా ఎక్కకపోతే
మీ పిల్లలు లేనట్టే లెక్క."
లేనట్టే.
పొద్దున గుడ్డు తిని
నా కొంగుకు మూతి తుడుసుకున్న పిల్లలు.

ఆఫ్ చేసి ఆన్ చేసిన.
విమానం బొమ్మ ఒత్తిన, విడిసిన.
గాజుకున్న పిన్నీసు విప్పి
సిమ్ము తీసి, ఊది, మళ్ల పెట్టిన.

తాటివనంల సారంగం నవ్విండు.
"కిందేడ దొరుకుతది టీచరమ్మా,
అది కల్లు అసొంటిది. ఎక్కాలె."
మోకు నడుముకు తగిలిచ్చిండు,
లొట్టి పక్కన ఫోను సంచి కట్టిండు,
కాళ్లకు గుజి ఏసి, చూస్తుండంగనే
మట్టలల్ల కలిసిపోయిండు.
ఆకాశంల నుంచి గొంతు:
"నాలుగు గీతలు! ఈడ కాకులకు గూడ ఫోర్జీ!"

హాట్‌స్పాటు పెట్టుడు
ఎండకాలం సెలవులల్ల బిడ్డ నేర్పిందట.
నా తెర మీద లేసింది పేరు: సారంగం తాడు.
పక్కన తాళం బొమ్మ.

"పాస్‌వర్డేంది?" కింద నుంచి ఒర్లిన.
"చెట్టు నంబరే! పదిహేడు నలభై మూడు!"
"తప్పంటున్నది!"
"ఎనిమిదుండాలంట, రెండు మాట్ల కొట్టు!"
పత్తి ఏరేటోళ్లు ఇన్నరు,
గొర్ల కాడి పిలగాడు ఇన్నడు,
బాయి మీద మోటరు బాగుజేసేటాయన
పానా పక్కన పెట్టి మరీ ఇన్నడు.
అబ్కారోళ్లు ఎప్పుడో చెక్కిన అంకెలు
నా ముక్కు ముందటనే ఉన్నయి.
మూడు మీద బెరడు పెరిగి
ఎనిమిది లెక్క కొడుతున్నది.

కొట్టిన. కలిసింది.

చెట్టుకు వీపు ఆనించి
అందరికన్న ముందుగాల తన్మయిని పంపిన.
మూడేండ్లు. తొమ్మిది కిలోల రెండు వందలు. ఎర్ర గీత.
తల్లి పత్తికి పోతే నాయినమ్మ సంకల ఉంటది,
పొద్దంత ఏడ్వది, అదే నా రంది.
ఆ తొమ్మిది కిలోలు చెట్టెక్కుతుంటే
తలెత్తి చూసిన, ఏం కనబడదని ఎరికుండి గూడ.
ఒక మట్ట కదిలింది.
గాలికే కావచ్చు.

తర్వాత జశ్వంతు. తర్వాత కవలపిల్లలు,
ఫోటోల ఎవరు ఎవరో నాకే తెల్వదు.
తూకం మీద నిలవడని ఫర్హాన్.
ఒక్కొక్కరికి ఒక పచ్చ టిక్కు.
పైన కత్తి గెలను గీసే సప్పుడు,
కింద నా బొటనవేలు.
ఇరవై ఒక్క మంది ఎక్కిండ్రు.

అప్పుడన్నడు, నన్ను అడిగినట్టు కాదు,
గెలతోని మాట్లాడినట్టు:
"జర మిగిలియ్యుండ్రి టీచరమ్మా.
ఏడున్నరకు మా పిల్ల
మడికొండ హాస్టల్ల వార్డెనమ్మ ఫోన్ల కనవడతది.
పది నిమిషాలు."
"డేటా ఎంతున్నది?"
"ఏమెరుక? ఇప్పుడే ఏదో టింగుమన్నది.
చూసేతందుకు చేతులు ఖాళీ లేవు."

నాకెరికే ఆ సప్పుడు.
తొంభై శాతం ఒడిసిన సప్పుడు.

ఇద్దరే మిగిలిండ్రు, ఇద్దరూ బొద్దుగనే ఉంటరు.
మేడం లెక్కల ఒక్కరోజు లేకున్నా
నా చాప మీద ఉంటరు.
సారంగం తాడు మీద వేలు పెట్టిన.
తెగింది.

దిగిండు. ఫోను సంచికి నురుగు.
"ఎక్కినయా?"
"ఎక్కినయి."
"అందరా?"
నేను చెప్పులు ఏసుకున్న.

రాత్రి గిన్నెలు తోముకుంట
తాటివనం దిక్కు చూసిన.
లొట్టి లేకుండ ఎక్కినట్టున్నడు:
ఒక తాడు కొసన నీలి వెలుగు,
మొదట్ల ఇంకోటి, వాళ్లామె చేతుల.
నడుమ అరవై అడుగుల చీకటి.
అందుల నుంచి ఎవరో పిల్ల
ఎక్కం అప్పజెప్పుతున్నది.