ఇరవై మూడో అంశం

ఉదయం తొమ్మిది. సరస్సు మీద మంచు ఇంకా లేవలేదు.
కోట మెట్లెక్కి వచ్చి మూడు పెన్సిళ్ళు చెక్కుకున్నాను.
అధ్యక్షురాలు గంట కొట్టింది.
కంచు గంటే, జలుబు చేసిన గొంతు.

వేదిక కింద చిన్న బల్ల నాది.
పది నిమిషాలు నేను, పది నిమిషాలు ఊవె, తర్వాత ఇంకొకరు.
రాష్ట్రం మాట్లాడేదంతా మా చేతుల్లోంచి
గీతలై, కొక్కేలై, చుక్కలై పారుతుంది.
చప్పట్లకొక గుర్తు. నవ్వుకొకటి.
"సిగ్గుచేటు!" అన్న కేకకు
వాడీ వాడీ అరిగిపోయి
చిన్న తోక ఒక్కటే మిగిలింది.

పొద్దుటంతా బాల్టిక్ తీరపు గాలిమరలు.
తర్వాత, బీవర్లు కాలవగట్లు తవ్వేస్తున్నాయని గంటన్నర.
బీవర్ల పక్షాన నిలబడ్డాయన
వాటిలాగే ఒక్క దుంగ పట్టుకుని వదల్లేదు.
(ఎడమవైపు నవ్వులు) అని రాశాను.
నేనూ నవ్వాను. అది రాయలేదు.

మధ్యాహ్నం బఠాణీ సూపు.
ఇందాక ఒకరినొకరు అబద్ధాలకోరులన్నవాళ్ళు
ఆవముద్ద సీసా కాస్త ఇటివ్వమని అడుక్కున్నారు.

నాలుగున్నరకు ఇరవై మూడో అంశం.
లూటెన్‌హాగెన్ ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూసివేత.
మంత్రిగారు కాగితం చూసి చదివారు:
ఏడాదికి రెండువందల పదకొండు కాన్పులు,
ఒక వార్డు నిలబడటానికి అవి చాలవు.
అంకెలంటే నాకిష్టం. అవి నోరు జారవు.
చాలా ఏళ్ళ కిందటి ఒక ఫిబ్రవరిలో
ఆ వార్డు లెక్కలో నేనూ ఒక అంకెను.
మంత్రిగారు మంచినీళ్ళు తాగారు. పేజీ తిప్పాను.

అప్పుడు వెనకవరసలోంచి హెనింగ్ ష్ట్రూవె లేచాడు.
మంత్రిగారి పక్షమే. బంగాళాదుంపల రైతు.
ఏడాదికి రెండుసార్లు మాట్లాడతాడు,
రెండుసార్లూ మురుగుకాలవల గురించే.
కాగితం తీశాడు. మళ్ళీ మడిచాడు.

"మా కోడలు... కారులో... నలభై కిలోమీటర్లు గదా,
మంచు, వంతెన దగ్గర మావాడు దిగి...
తను వెనక సీట్లో... నేను ఫోన్లో వింటున్నా, అన్నీ
వినబడుతున్నాయి, నేనేమో కొట్టంలో..."

గొంతు పూడుకుపోయింది.
"పిల్ల బాగుంది," అన్నాడు. "బాగానే ఉంది. కానీ."
ఆ కానీ తర్వాత ఏమీ లేదు.
గడియారంలో ఇంకా రెండు నిమిషాల నలభై సెకన్లు ఆయనవే.
వాటిని అక్కడే వదిలేసి వెళ్ళి కూర్చున్నాడు.

పైన సందర్శకుల వరసలో ఒకావిడ లేచి చప్పట్లు కొట్టింది,
మోచేతుల దాకా ఎర్రబారిన మంత్రసాని చేతులతో.
అక్కడ చప్పట్లు నిషిద్ధం.
అధ్యక్షురాలు గంట మీద చెయ్యి వేసింది.
చెయ్యి అలాగే ఉంది. గంట మోగలేదు.

ఓటింగు. చేతులు లేచాయి.
పొద్దున టీ గదిలో లెక్కేసుకున్నన్నే లేచాయి.
ష్ట్రూవె చెయ్యి కూడా తన పక్షంతో పాటే లేచింది,
సగం దాకా.
సగం చేతికి గుర్తు లేదు. లెక్కలో ఒకటిగా పడింది.

రాత్రి శుద్ధప్రతి.
మా పని అదే: కర్త తప్పిపోతే వెతికి తేవడం,
ఊబిలో దిగిన మంత్రుల వాక్యాలను
క్రియాపదం కట్టి ఒడ్డుకు లాగడం.
పంతొమ్మిదేళ్ళుగా లాగుతున్నాను.
ఇవాళ ఆ నాలుగు ముక్కలకూ అతుకు వెయ్యలేదు.
పెద్దావిడ కెట్లర్ కళ్ళజోడు పైకి నెట్టి అంది:
"ఈ వాక్యం పూర్తి కాలేదు."
"అవునండీ, కాలేదు."
కాసేపు నన్ను చూసి సంతకం పెట్టింది.

నిబంధన ప్రకారం ప్రతి సభ్యుడి మాటా
దిద్దుకోవడానికి సభ్యుడికే పంపుతాం.
మంత్రిగారి పేజీలు ఎర్రసిరాతో తడిసి వచ్చాయి.
ష్ట్రూవె పేజీ మర్నాడు పొద్దున్నే వచ్చింది,
మూలన బొటనవేలి మన్ను మరకతో.
ఒకే ఒక్క దిద్దుబాటు, పెన్సిల్‌తో:
నలభై కొట్టేసి
పైన, నలభై ఒకటి.