చేబదులు

గద్వాల కోటలో కాలేజీ గ్రౌండుకు
నెట్టు కట్టేటోణ్ణి నేను.
నెట్టంటే నెట్టు కాదు,
మా నాయిన కృష్ణల ఏసి ఏసి ఇడిసిన పాత వల.
ఎండకు కాగితే చేపల వాసన లేస్తుండె.
గోల్‌కీపరు ముక్కు మూసుకుంటుండె.
కుర్వోళ్ల జమ్ములయ్య మాత్రం
ఆ వాసన పట్టుకొనే ఒచ్చినట్టు ఒచ్చి
బంతిని వలలకు ఇడిసిపెడుతుండె,
చెరువుల చేపపిల్లను ఇడిసినంత మెల్లగ.

గొర్ల ఎనక నేర్చిన ఉరుకుడు అది.
మంద ఎటు మల్లుతదో
మందకన్నా ముందు ఎరిగినోడు.
బంతి కాడికి ఉరకలే ఎన్నడూ,
బంతి రాబోయే జాగల పోయి నిలబడుతుండె,
బస్సుకోసం నిలబడ్డట్టు.

పాలమూరు స్టేడియంల మూడు గోళ్లు కొట్టిండు.
ఒకటి కుడికాలుతోని, ఒకటి ఎడమకాలుతోని,
మూడోది దేంతోని కొట్టిండో
వానికి గూడ తెల్వదు.
ఆ మూడోదాన్ని చూసే
హైదరాబాదు కంపెనీ జట్టోళ్లు పిలిచిన్రు.
నౌకరి ఇయ్యలే, క్యాంటీను టోకెన్లు ఇచ్చిన్రు.

రెండేండ్లకు ఫోను చేసిండు.
"గోవా జట్టుకు లోను మీద ఇస్తున్నరు నన్ను."
వాళ్లమ్మ నా చేతులనుంచి ఫోను గుంజుకున్నది.
"లోనా? ఎవరు దీసిన్రు కొడకా, మిత్తి ఎంత?"
"మిత్తి లేదత్తా, చేబదులు.
పక్కోనికి ఎద్దును ఇచ్చినట్టు, ఒక్క కారుకు.
దున్నుకోని తోలిస్తరు" అన్న.
ఆమె జెరసేపు ఆలోచన చేసి
"మరి మేత ఎవరిది?" అన్నది.
ఆ మాటకు జవాబు
ఏ క్లబ్బు కాయిదంల గూడ దొరకలే.

గోవాల అందరు జమ్మూ అనెటోళ్లు.
కాశ్మీరు నుంచి ఒచ్చిండు గదా,
చలికి ఆగుతడు అనుకున్నరు.
నిజంగ చలికి ఆగేటోడు ఇంకొకడుండె,
రైవో, ఎస్టోనియావోడు.
మ్యాపుల ఏలు పెడితే ఏలు కిందనే మాయమయ్యే దేశం.
వాడూ ఫార్వర్డే, వాడూ చేబదులే.
ఐదు దేశాలు, తొమ్మిది క్లబ్బులు.
సొంత జట్టు అంగీ ఏ రంగో
ఒకసారి అడిగితే తడుముకున్నడట.

ఒక్క జాగ, ఇద్దరు మనుషులు.
అరవై ఏడో నిమిషం ఒకడు బయటికి, ఒకడు లోపటికి.
గీత మీద అరచేతులు తాకిచ్చుకునేది.
ఒక సీజనంత వాళ్లు కలిసి ఆడింది
ఆ సప్పుడంత.
మిగిలింది బెంచి మీద ముచ్చట.
మా దిక్కు మంచు పడితే
బంతికి నారింజ రంగు ఏస్తరు అని వాడు.
మా దిక్కు నెట్టు చేపల వాసనొస్తది అని వీడు.
వాడు నమ్మలే.

మోకాలు ఎట్ల పోయిందంటే
ఎవడూ తన్నలే.
మల్లబోయిండు. కాలు మల్లలే.

పదకొండేండ్లు, ఆరు జట్లు, నలభైమూడు గోళ్లు.
నా నోటుబుక్కుల నలభైనాలుగు ఉన్నయి.
ఆఫ్‌సైడని కొట్టేసిన ఒకదాన్ని నేను కొట్టెయ్యలే.

ఇప్పుడు సీడుపత్తి చేన్లల్ల మేస్త్రి.
పొద్దు పొడవంగ కూలోళ్లను ఎంటేసుకోని
మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు రాయించుడు.
దానికి క్రాసింగు అని పేరు.
ఎవరన్న "క్రాసు" అన్నరంటే చాలు
తల పైకి లేస్తది వానికి,
ఎడమ దిక్కునుంచి ఏదో గాల్ల ఒస్తున్నట్టు.

మొన్న రైవో ఫోటో పంపిండు.
నడుముదాక మంచుల మునిగిన గోలు కట్టెలు,
మనిషి జాడ లేదు.
జమ్ములయ్య నా దగ్గరికొచ్చి
"నెట్టు కట్టు, మనదీ పంపాలె" అన్నడు.
ఆట లేదు, పిల్లలు లేరు, రెండు మేకలుండె.
కట్టిన. ఫోటో పోయింది.
జెరసేపటికి అటునుంచి ఒక్కటే మాట.
వాసన ఉన్నదా?

నేను వల దగ్గరికి పోయి ముక్కు పెట్టిన.
కొత్త నైలాను. మా నాయిన పోయి ఆరేండ్లు.
లేదన్నట్టు చెయ్యి ఊపిన.

వాడు నన్ను చూసిండు, ఫోను చూసిండు,
ఉన్నదని కొట్టిండు.