బొగ్గుల వాసన

విభూది బుధవారం నాడు ఫాదర్ ఎన్సియా
బొటనవేలితో నా నుదుట సిలువ గీసి
మన్నువి, మన్నైపోతావు అన్నాడు.
నవ్వొచ్చింది, ఆపుకున్నాను.
చేపలకు పొగబెట్టి బతికేదాన్ని,
మోచేతుల దాకా బూడిద నాకు ఏడాది పొడుగునా ఉంటుంది.
షామా రేవులో దాన్ని చూసి
పశ్చాత్తాపం అనుకున్నవాళ్ళు లేరు.

యోహాను సువార్తలో బొగ్గుల మంట రెండుసార్లే.
మొదటిది ప్రధాన యాజకుడి వాకిట్లో, చలిరాత్రి.
చేతులు చాచి కాచుకుంటూ పేతురు
ఆయనెవరో నాకు తెలీదన్నాడు.
అడిగిన వాళ్ళలో మొదటిది వాకిలి కాసే పనిపిల్ల.
ఆ పిల్ల గురించి ఎవరూ ప్రసంగం చెప్పరు.
తెల్లారి ఆ చల్లారిన బొగ్గులు
చేటలోకి ఎత్తింది ఆమే అయ్యుంటుంది.

నన్ను అడిగిందీ ఒక పిల్లే.
పదకొండేళ్ళ కిందట,
పడవ మోటారు దొంగిలించాడని మా తమ్ముణ్ణి
రేవు రేవంతా ఇసకలో ఈడ్చుకొస్తున్న రాత్రి
నేను పొయ్యి ముందు కవళ్ళు తిరగేస్తున్నాను.
"అరాబా అక్కా, అతను మీ ఎబో కదూ?"
కాదన్నాను.
మూడుసార్లు అడగలేదు. ఒక్కసారే సరిపోయింది.
ఏ కోడీ కూయలేదు.
పళ్ళెంలో ఒక వరస తోకలు మాడాయి, అంతే.

(మోటారు తర్వాత దొరికింది,
యజమాని బావమరిది పాకలో, గోనెపట్టా కింద.
అప్పటికి ఎబో ఎడమకాలు ఈడ్చుకుంటూ
అబిజాన్ బస్సెక్కేశాడు.)

రెండో మంట సరస్సు ఒడ్డున, తెల్లవారుజామున.
వలలో నూట యాభై మూడు చేపలట.
ఎవరు లెక్కపెట్టారని చదువుకున్నవాళ్ళు
తలలు బద్దలు కొట్టుకుంటారు.
చేపలోళ్ళు లెక్కపెట్టకుండా ఉంటారా, నాయనా!
నాకు అంతుపట్టనిది వేరే.
చిల్లులు పడిన ఆ చేతులతోనే పుల్లలు ఏరి,
వంగి, నిప్పు ఊది,
చావును గెలిచొచ్చినవాడు
పొగకు కళ్ళు తుడుచుకుని ఉంటాడు కదా.
మంట మీద ఆయన చేప ఉండనే ఉంది.
అయినా, మీరు పట్టినవీ తెండి అన్నాడు.

నీళ్ళలోకి దూకి ఈదుకొచ్చిన పేతురు
ఒడ్డెక్కబోతూ
ఆ బొగ్గుల వాసన తగిలి
మోకాలిలోతులో ఒక్క క్షణం ఆగిపోయుంటాడు.
అది రాసిలేదు.
నాకు తెలుసు.

ఈ నలభై రోజుల చివర్లో ఎబో ఊరికొచ్చాడు.
పిన్నమ్మ ఇంట్లో దిగాడు, నా గడప తొక్కలేదు.
ఇద్దరం మంగళవారం పుట్టినవాళ్ళం,
సముద్రానికి సెలవిచ్చే రోజున.
వల వేయని రోజు బిడ్డలు
ఒకరినొకరు ఎలా పట్టుకుంటారు?

శనివారం రాత్రి గుడి ముందు కొత్త నిప్పు వెలిగించినప్పుడు
ఒక బొగ్గు పాలడబ్బాలో వేసి
కొంగు చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను.
ఇలా చేయొచ్చో లేదో ఫాదర్ని అడగలేదు.
తెల్లారగట్ల చూస్తే అంతా నివురే.
ఊదాను.
లోపల ఎర్రగా ఒక కన్ను తెరుచుకుంది.

చేపలు పళ్ళేనికెత్తి, కెంకీ పొట్లాలు విప్పి
ఎవరినీ పిలవకుండా కూర్చున్నాను.
ఇసకలో ఒక అడుగు,
దాని పక్కన ఒక గీత.
ఒక అడుగు, ఒక గీత.
తల ఎత్తలేదు నేను.
ఎదురుగా కూర్చుని ఒక చేప తీసుకున్నాడు,
ముల్లు పక్కన పెట్టాడు.
"ఉప్పు తక్కువైంది" అన్నాడు.
ఉప్పుచిప్ప జరిపాను.
నన్ను ప్రేమిస్తున్నావా అని అడగలేదు,
ఇంకో చేప అడిగాడు.

చాలాసేపయ్యాక
"ఇటు జరిగి కూర్చో అక్కా,
పొగ నీ కళ్ళల్లోకి పోతోంది" అన్నాడు.

అవును, పొగే అన్నాను.
మా తమ్ముడితో ఆడిన
రెండో అబద్ధం అది.