మూడు గళ్ళ కాగితం

కాలేజీ వాళ్ళిచ్చిన కాగితంలో మూడు గళ్ళు:
చూసి నేర్చేవాళ్ళు, విని నేర్చేవాళ్ళు, చేసి నేర్చేవాళ్ళు.
గురువారం పడవలో పర్యవేక్షకురాలు వస్తుంది.
ఈలోగా పద్దెనిమిది మందినీ
ఏదో ఒక గడిలో సర్దెయ్యాలి.

చిలోయే దీవిలో ఇది నా ఆరో వారం.
వాన ఆగలేదు, ఆగుతుందని ఎవరూ అనుకోవడమూ లేదు.
రేకుల కప్పు మీద అది ఎంత గట్టిగా కొడుతుందంటే
సగం పాఠం నేను పెదాలతోనే చెప్తాను.
అప్పుడు పద్దెనిమిది మందీ చూసి నేర్చేవాళ్ళే.

ఎవరిస్తో సంగతి తేలికే అనుకున్నాను.
కుర్చీలో నిమిషం నిలవడు.
బోర్డు మీద నేనెన్ని రొట్టెలు కోసి చూపించినా
వాడి చూపు రేవు మీదే.
సోమవారం బడికొస్తూ తడి బుట్టొకటి మోసుకొచ్చి
ఆల్చిప్పలన్నీ నేల మీద గుమ్మరించాడు.
పడవకి సగం, వల పట్టినవాడికి పావు,
మిగిలినదాంట్లో మూడో వంతు అమ్మమ్మకి.
"పన్నెండింట ఒక వంతు, పిన్నీ" అన్నాడు
చేతులు లాగుకి తుడుచుకుంటూ.
(ఇక్కడ టీచరంటే పిన్నే.)
చేసి నేర్చేవాడు, అని రాసుకున్నాను.
మర్నాడు నేను కథ చదువుతుంటే
బల్ల మీద తల వాల్చి నిద్రపోయాడనుకున్నవాడు
మొత్తం కథ పొల్లుపోకుండా అప్పజెప్పాడు,
నక్క గొంతు నాకన్నా బాగా పెట్టి.
రబ్బరు తీసుకున్నాను.

లియోంసియోకి ఎక్కాలు రావు.
ఎవరికైనా చెప్పాలి, అప్పుడొస్తాయి.
తమ్ముడు వినడు, అమ్మకి తీరదు,
అందుకని మెట్ల కింద మడతచెవుల కుక్కని కూర్చోబెట్టి
ఏడో ఎక్కం నేర్పిస్తున్నాడు.
ఏడెనిమిదుల దగ్గర కుక్క లేచిపోతుంది.
వాడు మళ్ళీ మొదట్నుంచీ.

అలీరోకి ముందు నిద్ర కావాలి.
వాళ్ళమ్మకి చేపల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ,
చంటిదాన్ని జోకొట్టేది వీడు.
పొయ్యి పక్క బల్ల వాడికిచ్చాను.
మొదటి గంట వాణ్ణి ఏమీ అడగను.
ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు, సరైనదో కాదో తెలీదు.

ఇక నిన్ఫా.
నెల రోజులు నోరు విప్పలేదు.
రాదు కాబోలు అనుకున్నాను, ఆ మాట డైరీలో రాశాను కూడా.
తర్వాత అర్థమైంది:
నిన్నటి ప్రశ్నకి ఇవాళ జవాబు చెప్తుంది.
ఒక్కోసారి మొన్నటిదానికి.
నేను భూగోళం చెప్తుంటే చెయ్యెత్తి
"నలభై రెండు" అంటుంది.
అందరూ నవ్వుతారు, మొదట్లో నేనూ నవ్వాను.
ఇక్కడ సముద్రం వెనక్కి పోయినప్పుడే
ఒడ్డున ఏమేం మిగిలాయో కనబడుతుంది.
అంతదాకా నిలబడి ఉండాలి,
బూట్లలోకి నీళ్ళొచ్చినా.
నాకా ఓపిక ఇంకా రాలేదు.
ప్రశ్న వేసి మూడు అంకెలు లెక్కపెట్టుకుంటాను,
రెండు దగ్గరే నా నోరు జారిపోతుంది.

గురువారం పడవ వేళకే వచ్చింది.
గొడుగు తిరగబడి, జుట్టు చెదిరి,
పర్యవేక్షకురాలు వెనక బల్ల మీద కూర్చుంది.
నా చేతిలో సుద్దముక్క చెమటకి మెత్తబడింది.
సగం రొట్టె, మూడో వంతు రొట్టె, కలిపితే ఎంత?
నేనే అడిగి నేనే రాశాను.
ఆవిడ తలూపింది, ఏదో టిక్కు పెట్టుకుంది.
వెళ్ళేముందు నిన్ఫా దగ్గర ఆగి
"ఇవాళ ఏం నేర్చుకున్నావమ్మా?" అంది.
నిన్ఫా తన బూట్ల వైపు చూసింది.
ఆవిడ నా కాగితం అందుకుంది.
ఎవరిస్తో పేరున్న చోట రబ్బరుకి చిరుగు పడింది.
"సోమవారానికి శుభ్రంగా రాసి పంపు" అని
మెట్లు దిగి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున్న
నేనింకా పొయ్యిలో కట్టెలు పెడుతున్నాను.
తడి కోటుతోనే నా పక్కకొచ్చి నిలబడింది నిన్ఫా.
"పిన్నీ, నిన్న ఐదింట రెండు వంతులని రాశావు."
"అవును."
"సగానికి ఇంకొంచెం కలిపితే
సగం కన్నా ఎలా తగ్గిపోయింది?"