పిట్ట ఘనం

ఎన్నికల కోడ్ వచ్చింది.
లైసెన్సు ఉన్నవాళ్లంతా తెచ్చి అప్పగించాలని
హలసూరు స్టేషన్ నుంచి ఫోను.
పాత తువ్వాలులో చుట్టి
కూరల సంచిలో పెట్టుకుని బయల్దేరాను.
సంచి భుజాన్ని ఒక పక్కకి లాగుతోంది.
ఎదురింటి సరోజమ్మ అడిగింది: "గుమ్మడికాయా?"
అవునన్నాను.

రైటరు దాన్ని రెండు చేతులతో ఎత్తాడు.
ఖాళీదేనని చూసుకున్నాడు. నవ్వాడు.
"ఏన్ సార్, ఇష్టు దొడ్డదు, గుండు ఇష్టేనా?"

పిట్ట కొంచెం కూత ఘనం అంటారు మనవాళ్లు.
ఇది తిరగేసిన సామెత.
పిట్ట ఘనం.
కూత కొంచెం.

కిలో మూడువందల నలభై గ్రాములు.
శివాజీనగర్‌లో తుపాకులు బాగుచేసే ఖలీలుల్లా
మేకులు తూచే తక్కెడలో తూచి చెప్పాడు.
పెద్ద గుండు కోసం సమ్మెట కింద సాగిన ఒళ్లు.
అందులో ఏ దేశపు పుణ్యాత్ముడో
ఆరు చిన్న చిల్లులు తొలిచి ఊరుకున్నాడు.
చిల్లుకీ చిల్లుకీ నడుమ ఉక్కు గట్టు,
చీమ బండి తోలుకెళ్లేంత వెడల్పు.

ముప్పైనాలుగేళ్లు లేతు ముందు నిలబడ్డవాణ్ణి.
విమానాల ఫ్యాక్టరీలో ప్రతి గ్రామూ దొంగే.
తేలిక చెయ్యి, ఇంకా తేలిక చెయ్యి అంటూ
డ్రాయింగులు మారుతుండేవి.
లెక్కకి సరిపడా బలం ఉంచి
తక్కినదంతా చుట్టలు చుట్టలుగా కాళ్ల దగ్గర రాలేది.
అందుకేనేమో,
అక్కర్లేనంత ఉక్కు కనబడితే
పెళ్లిపప్పులో నెయ్యి చూసినట్టుంటుంది నాకు.

మునిరత్నం దగ్గరొకటుంది, అరచేతిలో ఇమిడేది.
పేలిస్తే చేపలా ఎగురుతుంది.
మణికట్టు వారం రోజులు అలుగుతుంది.
వాడికదే ఇష్టం. కట్టు గర్వంగా చూపిస్తాడు.

నాది పేలితే
తలుపవతల ఎవరో దగ్గినట్టు.
గొట్టం లేచీ లేవనట్టు లేచి
కూర్చున్న చోటే కూర్చుంటుంది,
సిటీ బస్సు కుదుపుకి కళ్లు తెరవని ప్రయాణికుడిలా.
కాగితం మీద అంచు చిరగని చిల్లొకటి.
పక్కనే రెండోది.
బుద్ధి బాగున్న రోజు
ఐదింటినీ ఒక పావలా కింద దాచొచ్చు.

బలముండీ వాడకపోవడమే గొప్ప
అని నీతి చెప్పబోవడం లేదు.
ఇది తుపాకీ.
దీనికొచ్చిన విద్య ఒక్కటే.
చిన్నదైనా చిల్లు చిల్లే.

సంగతి వేరే.
రిటైరైన ఏడాది నుంచీ నా కుడిచెయ్యి వణుకుతోంది.
డాక్టరు దానికో పేరు పెట్టాడు, మాత్రలిచ్చాడు,
తేలిక వస్తువు పట్టుకుంటే ఎక్కువుంటుందన్నాడు.
చెంచా. సంతకం.
ప్రమీల తీసిపెట్టమన్న తెల్లవెంట్రుక.
కిలో మూడువందల నలభై చేతికిస్తే మాత్రం
చెయ్యి మళ్లీ పాత ఉద్యోగంలో చేరిపోతుంది,
మొదటి షిఫ్టు, సైరను కన్నా ముందే.
గొట్టం కొసనున్న గురి
మేకు కొట్టినట్టు నిలుస్తుంది.

రైటరుకి ఇదేం చెప్పలేదు.
"హళేదు సార్" అన్నాను.
పాతదే కదా, అబద్ధం కాదు.
నంబరు రాసుకుని, చీటీ కట్టి,
ఎవరిదో డబుల్ బారెల్ పక్కన
బీరువాలో పెట్టబోతూ ఆగాడు.
ఒంటిచేత్తో చాచి చూసుకున్నాడొకసారి.
"కైయల్లి చెన్నాగి కూరుత్తె" గొణిగాడు.
చేతిలో బాగానే కూర్చుంటుందట.
ఇప్పుడు తెలిసిందా నాయనా.

రసీదు ఇచ్చాడు.
వేళ్ల మధ్య అది రెపరెపలాడింది,
ఫ్యాను మీదికి నెట్టేశాను నేరం.

బయట తుంపర.
మెట్రో స్తంభం పక్కన కాఫీ చెబితే
కాగితం కప్పులో పోశాడు.
సగం చొక్కాకి.
"గ్లాసు లేదా బాబూ, దళసరిది?"
లేదన్నాడు.

ఫలితాలకి ఇంకా నలభైరెండు రోజులు.

వీధి మలుపులో సరోజమ్మ చీపురుతో నిలబడి ఉంది.
ఖాళీ సంచి గాలికి ఎగురుతోంది.
గుమ్మడికాయ ఏమైందని అడగకముందే
భుజం తడుముకున్నాను.
అక్కడేమీ లేదు.