రెండు మూతలు

లీటరు కిరసనాయిలుకి రెండు మూతలు.
మా చిన్నోడి దగ్గుమందు సీసా మూత అది.
మందెప్పుడో అయిపోయింది,
చిన్నోడికి మీసాలొచ్చినాయి,
మూత మాత్రం దూలానికి కట్టిన తాడుకి
అట్టనే వేలాడతా ఉండాది.

ఇరవై లీటర్ల క్యానుకి నలభై మూతలు.
తెల్లారుజామున మూడింటికి
నీలం కిరసనాయిల్లోకి ఎర్ర ఆయిలు
చీర అంచు మాదిరి జారతా ఉంటే
నలభై అయ్యేదాకా ఇసకపల్లిలో
నన్నెవురూ పలకరించరు.

ఒక్కసారి, మా వదిన కావమ్మ
ఇరవయ్యేడు కాడ ఉప్పడిగింది.
లెక్క తప్పి, ఎందుకైనా మంచిదని
ఇంకో ఆరు మూతలు పోసినా.
ఆ పొద్దు మా పడవ ఎనక
వరిగడ్డి తగలబెట్టినట్టు పొగ.
నడిసంద్రంలో మూడుసార్లు ప్లగ్గు విప్పి
లుంగీతో తుడుచుకున్నారంట.
తిట్లు రేవు దాకా వినపడినాయి.

తక్కువైతే తిట్లుండవు.
పిస్టను పోయి సిలిండరును కావిలించుకుంటాది,
ఇంక వదలదు.

అల్లూరు మెకానిక్కు దస్తగిరి చెప్పినాడు:
"కారుకైతే అడుగున నూనె గుంట ఉంటాది తల్లే.
దీనికి యాడుంది?
తాగేదాంట్లోనే
తలకి రాసుకునేదీ కలిపి పొయ్యాల.
ఎక్కువైతే మసి, తక్కువైతే నుసి."

పోయినేడు సొసైటీ లోనులో కొత్త ఇంజను వచ్చింది.
నూనెకి వేరే డబ్బా,
కొలిచి పోసేదానికి పిడికిలంత పంపు.
నిదానంగా పోతే చుక్క,
దౌడు తీస్తే ధార.
కళ్ళజోడు దారంతో చెవికి కట్టుకొని
దస్తగిరి ఇసకలో గొంతుక్కూర్చున్నాడు.
పంపు చెయ్యి మీద ఒక గీత,
పంపు ఒంటి మీద ఒక గీత.
కేబులు బిగించి, వదులు చేసి, మళ్ళీ బిగించి
గీతకి గీత కలిపినాడు.
"ఇంక నీకు పని లేదు తల్లే."

పనిలేకపోవడం తొమ్మిది రోజులు.
మూడింటికి మెలకువ మాత్రం మానలేదు.
పడుకొనే లెక్కపెట్టినా,
దేన్ని లెక్కపెడతా ఉండానో తెలీకుండా.

పదోనాడు పడవ రాలేదు.
రాత్రీ రాలేదు.
మర్నాడు పొద్దుగుంకే ముందు
పట్టను తెరచాప చేసి
మైపాడు దిక్కు నించి నెట్టుకొచ్చినారు నలుగురూ.
పెదాలు పగిలిపోయుండాయి.
కవళ్ళన్నీ కుళ్ళిపోయుండాయి.

"డబ్బా నిండుగా ఉండాది గదన్నా," అన్నాడు మా ఆయన.
"నిండుగా ఉండటమే తప్పు పోలయ్యా," అన్నాడు దస్తగిరి.
నూనె గొట్టం ఎండకి ఎత్తి చూపించినాడు.
లోపల కందిగింజంత బుడగ.
సంద్రంలో గాలంటే
పడవల్ని తలకిందలు చేసేదే అనుకున్నా నేను.
ఇంత గాలి.

తొమ్మిదోనాడు డబ్బా ఎండితే
గొంతు దాకా నింపిందెవురో
దస్తగిరి అడగలేదు, పోలయ్యా అడగలేదు.
చిన్నోడు చిరగని వలలో
చిరుగులు వెతుకుతా ఉండాడు.

పిస్టను, రింగులు, బోరింగు.
నా కమ్మలు కావలి పోయినాయి.

ఇంజను మళ్ళీ బిగించిన రోజు
దస్తగిరి చిన్నోడిని పిలిచి
మర చేతికిచ్చినాడు.
"వదులు చెయ్. బుడగలు ఆగిందాకా కారనీ.
నూనె పోతా ఉందని ఏడవబాక."
కారింది. నురగ, బుడగ, బుడగ,
తరవాత వట్టి నూనె, తేనె మాదిరి.
"మొదటి క్యానుకి మాత్రం పంపుని నమ్మేది లేదు,
అందులో చేత్తో కూడా కలపాల" అని
నా వైపు చూసినాడు.

దూలం మీది మూత దించినా.
పోసేదానికి పోయి, ఆగి,
చిన్నోడి చేతిలో పెట్టినా.
వాడు పైకే లెక్కపెడతా ఉండాడు,
పెదాలు వణకతా ఉండాయి.
కావమ్మ ఉప్పుగిన్నె పట్టుకొని వచ్చింది,
వాకిట్లో విని,
అక్కడే నిలబడిపోయింది.

ముప్పైమూడు.
ముప్పైనాలుగు.